బెలూన్ల ఊళ్ళో ఎగిరే పళ్ళాలు

2022 డిసెంబర్ మొదటి వారంలో ఒక ఉదయం హైదరాబాద్‌లో చాలామంది డాబాలెక్కి ఆకాశాన్ని ఫోన్లలో వీడియో తీశారు. తెల్లగా, గుండ్రంగా, కదిలీ కదలనట్టు ఏదో పైన వేలాడుతోంది. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో అది ఎగిరే పళ్ళెం అయిపోయింది. అదే రోజుల్లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల మధ్య ఒక వింత క్యాప్సూల్ దిగితే, దాన్ని చూడటానికి జనం ఎగబడ్డారు. తీరా చూస్తే రెండూ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళ బెలూన్ కేంద్రం నుంచి వచ్చినవే. మనుషుల్ని బెలూన్‌లో ఆకాశం అంచుదాకా తీసుకెళ్ళాలనుకుంటున్న స్పెయిన్ కంపెనీ హాలో స్పేస్, తన ఖాళీ క్యాప్సూల్‌ని పరీక్షించింది ఇక్కణ్ణుంచే.

యూఎఫ్‌ఓల (ఏమిటో గుర్తుపట్టని ఎగిరే వస్తువుల) గురించి తెలుగులో వచ్చే రాతలు ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంటాయి: గ్రహాంతరవాసులు ఉన్నారా, లేరా? ఇలాంటివి పరిశీలించే ఔత్సాహికులకి ఆ ప్రశ్నతో పెద్దగా పనిలేదు. ఆ రోజు, ఆ గంటలో, నేల మీద ఎవరు దేన్ని పైకి పంపారు? వాళ్ళ పని అక్కడ మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే ముగుస్తుంది కూడా. ఆ పనికి హైదరాబాద్ మంచి బడి, ఎందుకంటే ఇది బెలూన్ల ఊరు.

ఈసీఐఎల్ దగ్గరున్న ఆ కేంద్రం నుంచి దశాబ్దాలుగా శాస్త్ర పరిశోధన బెలూన్లు ఎగురుతున్నాయి. పలచటి పాలిథిన్‌తో చేసి, హైడ్రోజన్ నింపి వదులుతారు. పైకి పోయేకొద్దీ చుట్టూ గాలి పలచబడి బెలూన్ ఉబ్బుతుంది. 30 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తుకి చేరేసరికి దాని వెడల్పు 50 మీటర్లు దాటిపోతుంది. ప్రయాణికుల విమానాలు తిరిగే ఎత్తుకి ఇది మూడు నాలుగు రెట్లు. 60 మీటర్ల బెలూన్ 35 కిలోమీటర్ల ఎత్తున నడినెత్తి మీద ఉందంటే, చంద్రుడి వెడల్పులో సుమారు అయిదో వంతు కనిపిస్తుంది. అంటే గుండ్రంగా ఉందని కంటికి తెలుస్తుంది, అదేమిటో మాత్రం తెలియదు. అంత ఎత్తున ఉన్నదానికి మనకన్నా దాదాపు 25 నిమిషాల ముందే పొద్దు పొడుస్తుంది కాబట్టి, కింద వీధిదీపాలు వెలుగుతుండగానే అది పైన తళతళలాడుతుంది. పైగా కింద వీచే గాలికీ, ఇరవై ముప్పై కిలోమీటర్ల పైన వీచే గాలికీ సంబంధం ఉండదు. కాబట్టి "గాలికి ఎదురెళ్తోంది సార్, దానికి ఇంజిన్ ఉండి తీరాలి" అన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. చూసింది చూసినట్టే చెబుతున్నాడు.

ఇదంతా రహస్యమేం కాదు. ఎగరేసే సీజన్‌కి ముందు ఆ కేంద్రం ప్రకటన ఇస్తుంది. పరికరాలు రంగురంగుల పారాచూట్లతో ఏ జిల్లాల్లో దిగవచ్చో చెబుతుంది. దిగినవాటిని ముట్టుకోవద్దని, కొన్నింట్లో హై వోల్టేజ్ ఉంటుందని, దగ్గర్లోని పోలీసులకి చెప్పమని అడుగుతుంది. పెట్టెల మీద ఇంగ్లిష్, హిందీలతో పాటు తెలుగులోనూ రాసి ఉంటుంది. కానీ ఆ ప్రకటన పేపర్లో లోపలి పేజీలో ఒక మూలన వస్తుంది, వీడియో మాత్రం అరగంటలో ఊరంతా తిరిగొస్తుంది. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చింది ఎక్కువగా ఖగోళశాస్త్రం మీద ఇష్టమున్న మామూలు మనుషులే. 2022లో కూడా అది బెలూన్ అని ముందుగా జనానికి చెప్పినవాళ్ళలో నగరంలోని ఖగోళ ప్రియుల సంస్థ ప్లానెటరీ సొసైటీ ఇండియా ఉంది.

ఇక్కడే ఓ ముచ్చట చెప్పుకోవాలి. 2005 ఏప్రిల్‌లో ఇస్రో ఇదే కేంద్రం నుంచి ఒక పెద్ద బెలూన్‌ని ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని ఉక్కు గొట్టాల్లో పట్టి తెప్పించింది. ఆ నమూనాల్ని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలు విడివిడిగా పరీక్షించాయి. భూమ్మీద అంతకుముందు ఎవరూ గుర్తించని మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు పెట్టారు. అవి బయటి లోకం నుంచే వచ్చాయని ఇస్రో అనలేదు. గ్రహాంతర నౌక అని జనం భయపడే బెలూన్లలో ఒకటి నిజంగానే పైన జీవం కోసం వెతికొచ్చిందన్నమాట!

బెలూన్ల సంగతి అమెరికాలో వేరేలా నడిచింది. ఎగిరే పళ్ళాల గోల మొదలైంది 1947 జూన్ 24న. వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది వింత వస్తువుల్ని చూశానని కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ చెప్పాడు. రెండు వారాలకే న్యూమెక్సికోలోని రాస్‌వెల్ దగ్గర దొరికిన శిథిలాల వార్త బయటికొచ్చింది. సైన్యం మొదట ఎగిరే పళ్ళెం చిక్కిందని ప్రకటించి, మర్నాటికల్లా "కాదు, వాతావరణ బెలూన్" అని మాట మార్చింది. అవి సోవియట్ అణుపరీక్షల శబ్దాన్ని పైగాలిలో పట్టుకోవడానికి రహస్యంగా ఎగరేసిన మోగుల్ ప్రాజెక్టు బెలూన్ల శిథిలాలని వాయుసేన బయటపెట్టేసరికి 1994 వచ్చేసింది. అప్పటికి రాస్‌వెల్ పేరు మీద ఒక చిన్నపాటి పరిశ్రమే వెలిసింది. 1948 జనవరి 7న కెంటకీలో పట్టపగలు ఆకాశంలో కనిపించిన ఒక వస్తువు వెంటపడి ఎత్తుకెళ్ళి, విమానం కూలి చనిపోయిన కెప్టెన్ మాంటెల్ కథ ఇంకా బాధాకరం. ఆయన తరిమింది నౌకాదళం వాళ్ళ స్కైహుక్ బెలూన్ అయ్యుంటుందని తర్వాత లెక్క తేల్చారు. అప్పటికి అలాంటి బెలూన్లున్నట్టు బయట ఎవరికీ తెలియదు. ఇక్కడైతే వివరణ అదే రోజు దొరికింది, అక్కడ రాస్‌వెల్ వివరణకి 47 ఏళ్ళు పట్టింది. ఈ తేడాకి కారణం జనం తెలివితేటలు కాదు. ఎగరేసినవాళ్ళు చెప్పారా, దాచారా అన్నదే.

అలా దాచిపెట్టిన కాలంలోనే ఔత్సాహిక సంఘాలు పుట్టాయి. 1952లో కోరల్, జిమ్ లోరెంజెన్ దంపతులు ఆప్రో అనే సంఘం పెట్టారు. 1956లో నికాప్ అనే ఇంకో సంఘం వచ్చింది. 1953 జనవరిలో సీఐఏ కూర్చోబెట్టిన రాబర్ట్‌సన్ కమిటీ ఇలాంటి పౌర సంఘాల మీద ఓ కన్నేసి ఉంచాలని సలహా ఇచ్చింది. పళ్ళాల కబుర్లతో ఫోన్ లైన్లు నిండిపోతే నిజంగా శత్రువు వచ్చినప్పుడు సమాచారం అందదని వాళ్ళ భయం. వాయుసేన తరఫున 1952 నుంచి 1969 దాకా నడిచిన బ్లూబుక్ ప్రాజెక్టు 12,618 ఫిర్యాదులు నమోదు చేసి, 701 తప్ప మిగతావన్నీ ఏమిటో గుర్తించామంది. దానికి సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ 1966లో మిచిగన్ వెలుగుల్ని చిత్తడినేల నుంచి వచ్చే వాయువని చెప్పి దేశమంతటా నవ్వులపాలయ్యాడు. ఆ తర్వాత ఆయనే 1973లో సొంతంగా కఫోస్ అనే పరిశోధన కేంద్రం పెట్టాడు.

ఆ కేంద్రంలో జరిగిన పని చాలామంది పట్టించుకోలేదు. అక్కడ పూర్తికాలం పరిశోధకుడిగా ఉన్న అలెన్ హెండ్రీ 1,300కి పైగా కేసుల్ని, వీలైనన్నింటిని చూసినవాళ్ళతో నేరుగా మాట్లాడి పరిశీలించాడు. పదింట తొమ్మిది దాకా నక్షత్రాలు, గ్రహాలు, విమానాలు, బెలూన్ల వంటి మామూలు వస్తువులుగా తేలాయి. యూఎఫ్‌ఓలని నమ్మేవాళ్ళ కేంద్రం నుంచే ఈ ఫలితం రావడం గమనించాలి. చదువుకున్నవాళ్ళు, పైలట్లు, పోలీసులు కూడా శుక్రగ్రహాన్ని చూసి దాని వెంట కార్లు తోలిన సందర్భాలున్నాయి. మనం కదులుతుంటే చెట్లు, ఇళ్ళు వెనక్కి పోతాయి, దూరాన ఉన్న చుక్క మాత్రం మనతోనే వస్తున్నట్టుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పొద్దుగూకాక పడమటి వైపు డ్రైవ్ చేసినవాళ్ళెవరికైనా ఇది అనుభవమే.

అసలు పరిశోధన ఎక్కువ భాగం ప్రశ్నలు అడగడంలోనే ఉంటుంది. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద రాత్రి ఎవరో వెలుగు చూశారనుకుందాం. "ఎంత పెద్దగా ఉంది?" అని అడిగితే "కొబ్బరికాయంత" అంటారు. ఎంత దూరంలో ఉందో తెలియనప్పుడు ఆ మాటకి అర్థం లేదు. అదే చెయ్యి పూర్తిగా చాచి చిటికెన వేలు అడ్డం పెట్టమంటే కొలత దొరుకుతుంది. చాచిన చేతికి చిటికెన వేలు సుమారు ఒక డిగ్రీ, పిడికిలి పది డిగ్రీలు, చంద్రుడు అర డిగ్రీ. "ఆకాశంలో ఎక్కడ?" అనకుండా, అదే సమయానికి అదే టెర్రస్ మీదకి మళ్ళీ తీసుకెళ్ళి, అదే చోట నిలబెట్టి చూపించమనాలి. వాటర్ ట్యాంక్ కుడి అంచు మీద, రెండు పిడికిళ్ళ ఎత్తున అన్నారంటే దిక్కు, ఎత్తు రెండూ వచ్చేసినట్టే. ఫోన్ కంపాస్‌తో దిక్కు నోట్ చేసుకుని, ఏ రోజు ఆకాశాన్నైనా చూపే స్టెల్లేరియం లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ తేదీ, ఆ నిమిషం, హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు పెడితే అక్కడ గ్రహం ఉందో లేదో ఒక్క క్షణంలో తెలుస్తుంది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "గుండ్రంగా ఉందా?" అంటే అవునంటారు. "ఎలా ఉంది?" అంటే ఆలోచించి చెబుతారు. నలుగురు చూస్తే నలుగురినీ విడివిడిగా, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోకముందే అడగాలి. ఈ రోజుల్లో ఇది గగనమైపోయింది. కిందికి దిగేలోపే అపార్ట్‌మెంట్ గ్రూపులో వీడియో పడుతుంది, దాని కింద యాభై కామెంట్లు వస్తాయి, మర్నాటికి అందరూ ఒకే కథ చెబుతారు. అబద్ధమాడాలని కాదు, జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. అందుకే బ్రిటన్‌లోని యూఎఫ్‌ఓ పరిశోధన సంఘం బుఫోరా, సాక్షుల్ని హిప్నటైజ్ చేసి గుర్తు చేయించే పద్ధతిని 1980ల్లోనే పక్కన పెట్టేసింది. లేనివి కూడా గుర్తొస్తున్నాయని తేలింది మరి.

వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన ఫోటోతో ఇంకో తంటా ఉంది. దాంట్లో తీసిన సమయం, లెన్స్ వివరాలు పోతాయి, బొమ్మ కుదించుకుపోతుంది. ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపమని అడగటం పరిశోధకుడు మొదట చేయాల్సిన పని. రాత్రి ఫోటోల్లో కనిపించే పచ్చటి, నీలపు "వస్తువుల్లో" చాలా భాగం వీధిదీపం లెన్స్ లోపల పడి చూపే ప్రతిబింబాలే. దీపం నుంచి ఫోటో మధ్య బిందువు గుండా గీత గీస్తే, అంతే దూరంలో అవతలి వైపు ఆ వస్తువు ఉంటుంది. ఫోన్ పూర్తిగా జూమ్ చేసి ఫోకస్ తప్పితే మామూలు నక్షత్రం కూడా గిరగిర తిరిగే బిళ్ళలా కనిపిస్తుంది. వీడియోలో వింతగా ఉన్నది, తీసినవాడి కంటికి కూడా అలాగే కనిపించిందా అని అడిగితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

ఆ తర్వాత ఊరి ఆకాశం తెలిసుండాలి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. కాబట్టి ఆదిభట్ల, ఇబ్రహీంపట్నం వైపు నుంచో, దానికి ఎదురుగా పడమటి వైపు నుంచో దిగే విమానం తిన్నగా ఎదురొస్తుంటే దాని ల్యాండింగ్ లైటు రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడినట్టుంటుంది. ఒకదాని వెనక ఒకటి వరసలో వస్తే ఆకాశంలో దీపాల తోరణమే. ఏ విమానం ఎక్కడుందో చూపే ఫ్లైట్‌రాడార్24 చూస్తే ప్రయాణికుల విమానాల గుట్టు విడిపోతుంది. హకీంపేట, దుండిగల్‌ల నుంచి ఎగిరే వాయుసేన శిక్షణ విమానాలన్నీ అందులో కనపడకపోవచ్చు. ఫంక్షన్ హాళ్ళ లైట్ల కిరణాలు మబ్బు మీద గుండ్రంగా తిరగడం మరో రకం. చలికాలం సాయంత్రాల్లో ఆగ్నేయాన పైకొచ్చే సిరియస్ నక్షత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం మార్చి మార్చి మెరుస్తుంది. 2019 మే తర్వాత ఒకే వరసలో చుక్కల్లా కదిలే స్టార్‌లింక్ ఉపగ్రహాల రైలు వచ్చి చేరింది. మరోవైపు, అర్ధరాత్రి చూశామని చెబితే అది శుక్రుడు కానే కాదని కచ్చితంగా చెప్పొచ్చు. సూర్యుడి నుంచి 47 డిగ్రీలకి మించి దూరం పోడు కాబట్టి ఈ అక్షాంశంలో శుక్రుడు అర్ధరాత్రి కనిపించడు. సరిగ్గా ఇలాంటి చిన్న సంగతి తెలియకే, ఏ వెలుగుకైనా "శుక్రుడే లెండి" అనే తొందరపాటు వివరణలు వస్తుంటాయి.

పెద్దవి ఊరి బయట నుంచి వస్తాయి. 2022 డిసెంబర్ 15 సాయంత్రం ఒడిశా తీరం నుంచి అగ్ని-5 క్షిపణిని పరీక్షిస్తే, పశ్చిమ బెంగాల్‌లో జనం ఆకాశంలో వింత వెలుగు చూసి హడలిపోయారు. పరీక్షకి ముందు విమానాలకి ఇచ్చే నోటామ్ హెచ్చరిక అందరికీ అందుబాటులోనే ఉంది, దాన్ని చూడటం తెలిసినవాళ్ళే కొద్దిమంది. అదే ఏడాది ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర మీదుగా నిప్పుల వరస పోయింది. మనకి సరిహద్దునే ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఒక పెద్ద లోహపు చక్రం పడింది. చైనా రాకెట్ శకలం భూవాతావరణంలోకి తిరిగొచ్చిందని ఉపగ్రహాల కక్ష్యలు గమనించేవాళ్ళు లెక్క కట్టి చెప్పారు.

లడఖ్ ఉదంతం వీటన్నిటికన్నా మంచి పాఠం. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా పాంగాంగ్ సరస్సు వైపు సైనికులు 329 సార్లు అంతుపట్టని వెలుగులు చూసి, చైనా డ్రోన్లని అనుమానించారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు ఆ వెలుగులు చుట్టూ ఉన్న నక్షత్రాలతో పోలిస్తే ఎలా కదులుతున్నాయో గమనించి, ఒకటి శుక్రుడు, రెండోది గురుడు అన్నారు. ఇక్కడ సైన్యాన్ని ఎగతాళి చేయడం సులువు. కానీ మైదానాల్లో దుమ్ము, తేమ మధ్య చూసే గ్రహానికీ, నాలుగు వేల మీటర్ల పైన నిర్మలమైన గాలిలో కొండ అంచున దీపంలా వెలిగే గ్రహానికీ చాలా తేడా. పైగా వాళ్ళు చూసిన ప్రతిసారీ లెక్క రాసి పెట్టుకున్నారు. ఔత్సాహికుల్లో చాలామంది చేయనిది అదే.

తెలుగునాట ఈ పని చేయగల శక్తి ఉన్నది రెండు రకాల వాళ్ళకి: టెలిస్కోపులున్న ఖగోళ ప్రియులకి, జన విజ్ఞాన వేదిక వంటి సైన్స్ ప్రచార, హేతువాద సంఘాల వాళ్ళకి. మొదటివాళ్ళకి ఆకాశం తెలుసు, సాక్షితో మాట్లాడే ఓపిక తక్కువ. రెండోవాళ్ళకి ఊళ్ళు తిరిగి జనంతో మాట్లాడటం వెన్నతో పెట్టిన విద్య. అయితే బాబాల మహిమల గుట్టు విప్పడంలో వాళ్ళకి అబ్బిన పద్ధతి ఇక్కడ పనికిరాదు. బాణామతి కేసులో ఎక్కడో ఒక మోసగాడుంటాడు, వాణ్ణి పట్టుకోవాలి. ఆకాశంలో వెలుగు చూసిన గృహిణి మోసగత్తె కాదు. "మూఢనమ్మకం" అని మొదలుపెడితే ఆవిడ నోరు మెదపదు, రెండోసారి చూసినా ఎవరికీ చెప్పదు. హైనెక్ మిచిగన్‌లో పోగొట్టుకున్నది కూడా సాక్షుల నమ్మకాన్నే.

అటువైపు, మిస్టరీ మీద మోజుతో నడిచే సంఘాలది ఇంకో జబ్బు. కేసు తేలిపోతే వాళ్ళకి నిరాశ. తేలనిది మాత్రం ఏళ్ళ తరబడి సభల్లో తిరుగుతుంటుంది. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలో ఇలాంటి కేసుల కోసం 1977 నుంచి ఉన్న విభాగం, ఇప్పుడు జేపాన్ అంటున్నారు, దీనికి మంచి విరుగుడు కనిపెట్టింది. ప్రతి కేసునీ నాలుగు గదుల్లో ఒకదాంట్లో వేస్తుంది: గుర్తుపట్టినది, బహుశా ఫలానా అయ్యుండేది, సమాచారం చాలక తేల్చలేనిది, సమాచారం ఉన్నా తేలనిది. మూడో గదికీ నాలుగో గదికీ మధ్య గోడ కట్టడంలోనే ఉంది అసలు తెలివి. మసక ఫోటో, టైమ్ తెలియదు, దిక్కు తెలియదు అన్న కేసు తేలకపోతే అది మిస్టరీ కాదు, ఖాళీ కాగితం. నాలుగో గదిలో మిగిలేవి నూటికి సుమారు మూడే. 2023 సెప్టెంబర్‌లో నాసా నియమించిన స్వతంత్ర బృందం చెప్పిందీ ఇంచుమించు ఇదే: గ్రహాంతర ఆధారం లేదు, అసలు కొరత నాణ్యమైన డేటాదే, మామూలు జనం స్మార్ట్‌ఫోన్ల నుంచి పద్ధతిగా సమాచారం సేకరిస్తే ఉపయోగం.

ఆ నాలుగో గదిని కూడా కొట్టిపారేయనక్కర్లేదు. నార్వేలోని హెస్‌డాలెన్ లోయలో 1981 నుంచి వింత వెలుగులు తరచుగా కనిపిస్తుంటే, 1984 శీతాకాలంలో ఔత్సాహికులు రాడార్, కెమెరాలు, కొలత పరికరాలు మోసుకెళ్ళి ఆ గడ్డ కట్టే చలిలో మకాం వేశారు. 1998లో అక్కడ ఆటోమేటిక్ కెమెరా కేంద్రం పెట్టారు. కొన్ని కారు హెడ్‌లైట్లు, విమానాలుగా తేలాయి, మరికొన్నింటికి అందరూ ఒప్పుకునే వివరణ ఇంకా రాలేదు. అక్కడ గ్రహాంతర నౌకల మాట ఎత్తకుండానే, గాలిలో ఏర్పడే ఏదైనా విద్యుత్ చర్యా అని భౌతిక శాస్త్రవేత్తలు చర్చిస్తున్నారు.

హైదరాబాద్‌లో లోటు పరికరాలది కాదు. నిజామియా అబ్జర్వేటరీ 1901 నాటిది, బిర్లా ప్లానెటేరియం 1985 నుంచి ఉంది, ఇంజినీరింగ్ కాలేజీలకి లెక్కే లేదు. లేనిది దస్త్రం. ఎవరో చూస్తారు, ఎవరో సరైన జవాబే చెబుతారు, టీవీలో ఒక రోజు నడుస్తుంది, ఆ జవాబు ఎలా వచ్చిందో ఎక్కడా ఉండదు. 1973లో మొదలై, ఇప్పుడు స్వీడన్‌లోని నార్‌షాపింగ్‌లో ఉన్న ఒక ఔత్సాహిక ఆర్కైవ్, మూతబడిన సంఘాల ఫైళ్ళని, చనిపోయిన పరిశోధకుల ఉత్తరాల కట్టల్ని దేశదేశాల నుంచి తెప్పించి భద్రం చేస్తోంది. తెలుగులో అలాంటిది మొదలుపెట్టడానికి భవనం కూడా అక్కర్లేదు. చూసిన చోటు, తేదీ, నిమిషం, దిక్కు, పిడికిళ్ళలో ఎత్తు, ఒరిజినల్ ఫైలు, ఆ రోజు బెలూన్ ఎగిరిందా, నోటామ్ ఉందా అన్న వివరం, చివరికి ఏమని తేలింది, ఎవరు తేల్చారు అన్నవి కేసుకి ఒక పేజీ చొప్పున రాస్తే చాలు. తేలిపోయిన కేసుల్ని మాత్రం పారేయకూడదు. వచ్చే చలికాలం కొత్తగా చేరిన కుర్రాడికి బెలూన్ ఎలా కనిపిస్తుందో నేర్పేది ఆ పేజీలే.